కంటిలో నలుసు

హైదరాబాదు నుండి కర్నూలునకు పోవు రాజమార్గముపై కొత్తకోట యను ఊరు కలదు. అది పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలోనిది. 2016 నుండి వనపర్తి జిల్లాలో చేరియున్నది. ఆ చుట్టుపట్ల పల్లెలలో వరియు, పల్లి యని జనులు పిలుచు వేరుసెనగయు ముఖ్యమైన పంటలు. కోతలనాడు పొలమునకు పోయి చూడుడు. కొడవలి పట్టి వంగినవారి ముఖములకు వరియాకుల అంచులు తగులుచుండును. కల్లములో తూర్పారపట్టునప్పుడు పొట్టును, దుమ్మును గాలికి లేచును. ఎవరికో ఒకరికి కంటిలో నలుసు పడును. వారు కన్ను నులుముకొని, కొంగుతోనో కండువాతోనో తుడుచుకొని, మరల పనిలో దిగుదురు. పెక్కుసార్లు దానివలన కీడు కలుగదు. కాని ఒక్కొక్కసారి ఆ నలుసే చూపును హరించును. అది ఎట్లు జరుగునో, వైద్యులు దానిని ఎట్లు కనుగొని మాన్పుదురో తెలిసికొందము.

అద్దములో మీ కన్నును చూచుకొనుడు. నల్లగ్రుడ్డు పైని గడియారపు అద్దము వంటి పారదర్శకమైన పొర యొకటి కలదు. దీనిని శుక్లపటలమందురు, కార్నియా యనియు పిలుతురు. నడిమిభాగమున దీని మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. శరీరమున ఎచ్చట గీరుకొన్నను రక్తము చిందును. ఈ పొరలో మాత్రము రక్తనాళములు లేవు. ఉండినచో వెలుతురు లోనికి సూటిగా పోజాలదు. కావున ఇది తనకు కావలసిన ప్రాణవాయువును చాలవరకు కన్నీటి ద్వారా గాలినుండియే గ్రహించును. రక్తము లేకున్నను ఇందు నాడులు మిక్కిలి దట్టముగా నున్నవి. అందుచేతనే ఇసుకరేణువంత నలుసు పడినను కన్ను ఓర్వజాలదు. ఆ నొప్పి కావలివాని కేక వంటిది.

ఈ పొరపై చర్మము వలె కణముల వరుసలు కొన్ని కలవు. అవి చెక్కుచెదరకున్నంతవరకు సూక్ష్మజీవులు లోనికి చొరబడుట కష్టము. వరియాకు గీసినచో అవి చిరుగును. గాయము శుభ్రముగా నున్నచో కొలది దినములలో దానియంతట అదియే పూడును. కాని ఆకులమీదను, మట్టిలోను ఉండు బ్యాక్టీరియాయో, బూజుజాతి జీవులో ఆ చిరుగునుండి లోనికి దిగినచో పుండు పడును. అప్పుడు కన్ను ఎఱ్ఱబడును, నీరు కారును, వెలుతురును ఓర్వలేదు, నల్లగ్రుడ్డుపై తెల్లని మచ్చ కనిపించును. ఉష్ణదేశములలో సేద్యము చేయువారికి బూజువలని పుండ్లు అధికముగా కలుగును. పుండు మానిన పిదపను మచ్చ నిలిచిపోవచ్చును. మన పల్లెలలో ‘కంట పువ్వు పడినది’ యని చెప్పుకొనునది ఈ మచ్చనే.

గాయమునకును పుండునకును నడుమ కొంత వ్యవధి కలదు. ఆ వ్యవధియే మనకు దొరకు అవకాశము. నేపాలు దేశమునందలి భక్తపూరు జిల్లాలో వైద్యులు దీనిని పరీక్షించి, 2001లో ఫలితములను ప్రకటించిరి. అచ్చటి పల్లెలలో శిక్షణ పొందిన కార్యకర్తలు, శుక్లపటలముపై గీత పడినవారికి మూడు దినములు క్లోరాంఫెనికాల్ లేపనము పెట్టిరి. అట్టివారు 442 మంది. దెబ్బ తగిలిన 18 గంటలలోపల వైద్యము మొదలైన 284 మందిలో ఒక్కరికిని పుండు పడలేదు. 18 నుండి 24 గంటల నడుమ వచ్చిన 109 మందిలో నలుగురికి పడెను. ఒక దినము దాటి, రెండు దినములలోపల వచ్చిన 49 మందిలో 14 మందికి పడెను. మందు ఒక్కటే, మారినది కాలము.

అంతటి విలువగల ఆ మొదటి దినమున పలువురు చేయు పనులేమి? ఒకరు కంటిలో ఆకుపసరు పిండుదురు. ఒకరు చనుబాలు పోయుదురు. ఒకరు నాలుకతో నలుసు తీయింతురు. పసరులోను, ఉమ్మిలోను సూక్ష్మజీవులుండును. మరికొందరు అంగడికి పోయి ఏదో యొక చుక్కలమందు కొనితెత్తురు. అట్టి మందులు కొన్నింటిలో స్టీరాయిడ్ చేరియుండును. అది ఎఱ్ఱదనమును, నొప్పిని అణచును గనుక రోగి తనకు నయమైనదని సంతసించును. లోపల బూజు మాత్రము అడ్డులేక పెరుగుచుండును. కావలివాని నోరు నొక్కి, దొంగకు తలుపు తీసినట్లగును.

కంటివైద్యులు మొదట రెండు కన్నుల చూపును వేర్వేరుగా కొలుతురు. పిదప ఫ్లోరసీన్ అను నారింజవన్నె రంగును కంటికి తాకించి నీలికాంతిలో చూతురు. పైపొర చెదరనిచోట ఆ రంగు నిలువదు. గీత పడినచోట ఆకుపచ్చగా మెఱయును. సన్నని వెలుగుచారను ప్రసరింపజేయు స్లిట్ ల్యాంపు అను సాధనముతో, పుండు ఎంత లోతునకు దిగినదో గమనింతురు. స్వీడను దేశీయుడైన గుల్‌స్ట్రాండ్ 1911లో ఈ దీపమును లోకమునకు చూపెను. తరువాత మత్తుచుక్కలు వేసి, పుండునుండి కొంచెము గీకి తీసి, సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. దారములవలె కొమ్మలు చాచి కనబడునది బూజు. చుక్కలవలెనో, కడ్డీలవలెనో కనబడునవి బ్యాక్టీరియా. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు. బూజునకు నాటమైసిన్ వంటి మందును, బ్యాక్టీరియాకు యాంటిబయాటిక్ చుక్కలను మొదట గంటగంటకు వేయవలసియుండును. బూజుపుండు మానుటకు వారములు పట్టును. నొప్పి తగ్గినదని నడుమ విడువరాదు.

పువ్వు పడి చూపు పోయినవారికి మార్గము లేదా? కలదు. 1905 డిసెంబరులో, నేటి చెక్ దేశమునందలి ఓలోమౌట్స్ నగరమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నము పడి కన్నులు చెడిన ఒక కూలికి మరియొకరి శుక్లపటలమును అతికెను. ఒక కంటిలో అది నిలిచి, అతనికి చూపు వచ్చెను. నేడు ఈ చికిత్స మన హైదరాబాదులోనే జరుగుచున్నది. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థ ఇందుకు ప్రసిద్ధమైనది. అచ్చట 1989లో రామాయమ్మ నేత్రనిధి ఏర్పడెను. అతుకుటకు కావలసిన పొరను మరణించినవారి కన్నులనుండి సేకరింతురు. సాధారణముగా మరణించిన ఆరు గంటలలోపల ఈ పని జరుగవలెను. ముదుసలులును, కంటియద్దములు పెట్టుకొన్నవారును నేత్రదానము చేయవచ్చును. ఒకరి దానముచే ఇద్దరికి చూపు రావచ్చును. అయినను అతికిన పొర అందరి కన్నులలోను నిలువదు. గీత పడిననాడే మందు వేయించుట దానికంటె ఎంతయో సులభము.

నలుసు ఒక్కటియే కంటికి శత్రువు కాదు. ఎ విటమిను చాలనిచో పిల్లలకు రేచీకటి కలిగి, తుదకు శుక్లపటలము కరగిపోవచ్చును. మునగాకు, తోటకూర, బొప్పాయిపండు అట్టి ఆపదనుండి కాపాడును. కండ్లకలక వచ్చినవారి తువాలును ఇతరులు వాడరాదు. చేతులు తరచుగా కడుగుకొనవలెను.

బాలబాలికలారా! కంటిలో నలుసు పడినచో నులుమకుడు. శుభ్రమైన నీటితో కడుగుడు. సున్నము పడినచో వెంటనే, చాలసేపు, ధారగా నీరు పోసి, ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు పోవలెను. మీ తల్లియో, తండ్రియో మాపటివేళ పొలమునుండి వచ్చి, ఎఱ్ఱని కన్నును కొంగుతో ఒత్తుకొనుచు ‘రేపు చూతములే’ యని యన్నచో, పదునెనిమిది గంటల లెక్కను వారికి చెప్పుడు. తెల్లవారగానే ఆసుపత్రికి తోడ్కొని పొండు.