మన ఊరి కథ ఎవరి సొత్తు?

జనగామ: పరిశోధన కోసమంటూ పుస్తకం, పెన్ను పట్టుకుని ఊళ్లోకి వచ్చే విద్యార్థులు మన పల్లెలకు కొత్త కాదు. బమ్మెరలో పోతన గురించి, కడవెండిలో దొడ్డి కొమరయ్య గురించి, గణపురంలో కోటగుళ్ల గురించి, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ పాటల గురించి పెద్దలను కూర్చోబెట్టి అడుగుతారు. చెప్పింది రాసుకుంటారు, చాయ్ తాగి బస్సెక్కుతారు. కొన్నేళ్లకు వారికి డాక్టరేటు వస్తుంది. చెప్పిన పెద్దమనిషికి మాత్రం తన మాట ఏ పుస్తకంలో చేరిందో, ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలియదు.

ఆ బీరువా తాళం తీసేవారు ఉన్నారు. వారే విశ్వవిద్యాలయాల గ్రంథాలయాధికారులు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే వారి పని అనుకుంటే పొరపాటు. ఏ రచనను ఎంతవరకు నకలు తీయవచ్చు, పరిశోధన గ్రంథాన్ని పదిమందికి ఎలా అందించాలి అన్నవి కూడా వారే చూసుకోవాలి. అమెరికా, బ్రిటన్‌లలో పలు విశ్వవిద్యాలయాలు ఇందుకోసమే ప్రత్యేకంగా కాపీరైటు లైబ్రేరియన్లను నియమించుకున్నాయి. మన దగ్గర తరచు ఉన్న లైబ్రేరియనే ఈ బరువునూ మోస్తున్నారు.

పోతన అందరివాడు, మరి దాశరథి?

కాపీరైటు అంటే తన రచనపై రచయితకు ఉండే హక్కు. 1957 నాటి చట్టం ప్రకారం ఈ హక్కు రచయిత బతికున్నంత కాలం, ఆయన మరణించిన తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్టరు చేయించకపోయినా హక్కు పోదు.

పోతన భాగవతం వందల ఏళ్ల నాటిది. దాన్ని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ‘ప్రజల మనిషి’ నవల రాసిన వట్టికోట ఆళ్వారుస్వామి 1961లో మరణించారు. కాబట్టి ఆ నవల 2022 జనవరి 1 నుంచి అందరి సొత్తయింది. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య 1987లో కన్నుమూశారు. ఆయన కవితలపై హక్కు 2047 చివరిదాకా ఉంటుంది. అప్పటివరకు వాటిని అచ్చువేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి.

అయితే చట్టం అన్ని తలుపులూ మూయలేదు. చదువుకునేవారు సొంత పరిశోధనకు కావలసినంత భాగం నకలు తీసుకోవచ్చు. దేశంలో ఎక్కడా అమ్మకానికి దొరకని పుస్తకమైతే గ్రంథాలయం మూడు ప్రతులకు మించకుండా తీసి పెట్టుకోవచ్చు. చూపులేనివారి కోసం పుస్తకాన్ని చదివి వినిపించే రూపంలోకి మార్చేందుకు 2012 సవరణ వీలు కల్పించింది.

ఎవరి మాట వారి పేరుతో

పోతన భాగవతంలో కొన్ని భాగాలు శిథిలం కాగా గంగన, సింగన, నారయ పూరించారు. ఏ స్కంధం ఎవరు రాశారో నేటికీ పేర్లతో చెప్పుకుంటున్నాం. పరిశోధనకూ ఈ మర్యాదే ప్రాణం. ఇతరుల రాతను తన రాతగా చెప్పుకునేవారిని పట్టుకునేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక పది శాతం దాటితే గ్రంథాన్ని సరిదిద్దుకు రమ్మని తిప్పి పంపుతారు. 60 శాతం దాటితే విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

బీరువా నుంచి సెల్‌ఫోనుకు

ఒకప్పుడు పరిశోధన గ్రంథం చూడాలంటే విశ్వవిద్యాలయం దాకా వెళ్లవలసిందే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో మన ప్రాంతానికి ఆ దూరం తగ్గింది. ఇప్పుడు ఆ ప్రయాణమూ అక్కర్లేదు. పరిశోధన గ్రంథాల ప్రతులను కంప్యూటర్‌లో చదివే రూపంలో అందరికీ అందుబాటులో ఉంచాలని యూజీసీ 2009లో, మళ్లీ 2016లో నిబంధనలు చేసింది. అవి చేరే చోటు పేరు ‘శోధగంగ’. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడుపుతోంది. రుసుము లేదు. ఊళ్లో చదువుకున్న పిల్లలెవరైనా సెల్‌ఫోనులో వెతికి, చదివి వినిపించవచ్చు.

పరిశోధన పత్రికల సంగతి వేరు. వాటి చందాలు చాలా ఖరీదు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో కేంద్రం 2025 జనవరిలో ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం ప్రారంభించింది. కాని ఆ మేలు ప్రధానంగా ప్రభుత్వ విద్యాసంస్థల విద్యార్థులకు, అధ్యాపకులకే. పల్లెలో కూర్చున్న రైతుకు ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

ఒగ్గుకథ రికార్డు చేస్తే

మాణిక్యాపురం ఒగ్గుకథ కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో మరణించారు. తరతరాల కథకు రచయిత ఎవరో చెప్పలేకపోవచ్చు. కాని దాన్ని పాడి ఆడిన కళాకారుడికి తన ప్రదర్శనపై చట్టం హక్కు ఇచ్చింది. అది 50 ఏళ్లు ఉంటుంది. నిజమైన చదువుకో పరిశోధనకో రికార్డు చేసుకుంటే తప్పులేదు. అదే రికార్డును అమ్ముకోవాలన్నా, దానిపై డబ్బు సంపాదించాలన్నా కళాకారుడి ఒప్పుదల తప్పనిసరి.

కాబట్టి ఈసారి పరిశోధకులు ఊరికి వస్తే మూడు మాటలు అడగండి. ఇది దేనికి వాడతారు? చెప్పినవారి పేరు, ఊరిపేరు రాస్తారా? పూర్తయ్యాక ఒక ప్రతిని మా బడికో గ్రంథాలయానికో ఇస్తారా? అడిగేందుకు మొహమాటం అక్కర్లేదు. మంచి పరిశోధకుడు కాదనడు. కథ ఇచ్చిన ఊరికి ఆ కథ తిరిగి చేరాలి.