లారీ ప్రమాద బాధితులకు న్యాయ సహాయం

లారీలు, ట్యాంకర్లు, ట్రైలర్ల వంటి భారీ సరుకు రవాణా వాహనాల వలన గాయపడినవారు నష్టపరిహారం పొందుటకు భారతదేశంలో ఉన్న చట్టబద్ధమైన ఏర్పాట్లను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. వీటికి మూలాధారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. ఇది 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. దీని 165వ సెక్షను ప్రకారం మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునళ్ళు ఏర్పడినవి. తెలుగు రాష్ట్రాలలో సాధారణంగా జిల్లా న్యాయమూర్తులే ఈ ట్రిబ్యునళ్ళుగా వ్యవహరిస్తారు.

డ్రైవరుపై పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు వేరు, పరిహారం కోసం బాధితుడు వేసే పిటిషను వేరు. డ్రైవరుకు శిక్ష పడినంత మాత్రాన బాధితునికి సొమ్ము రాదు. అతడు నిర్దోషిగా విడుదలైనా పరిహారపు హక్కు పోదు. క్రిమినల్ కోర్టులో నేరం నిస్సందేహంగా రుజువు కావలెను. ట్రిబ్యునల్‌లో మాత్రం ప్రమాదం ఆ విధంగా జరిగి ఉండుటకే ఎక్కువ అవకాశమున్నదని చూపితే చాలును.

పరిహారం ఎవరు చెల్లిస్తారు

పిటిషనులో సాధారణంగా డ్రైవరు, యజమాని, బీమా సంస్థ ముగ్గురినీ ప్రతివాదులుగా చేరుస్తారు. ఆచరణలో సొమ్ము చెల్లించేది చాలావరకు బీమా సంస్థయే. ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అని చట్టం చెబుతున్నది. రోడ్డున నడచిపోయేవారు, ద్విచక్ర వాహనంపై ఉన్నవారు, ఎదురుగా వచ్చిన బస్సులోనివారు ఈ బీమా పరిధిలోకి వస్తారు. డ్రైవరుకు తగిన లైసెన్సు లేదని బీమా సంస్థ వాదించడం పరిపాటి. అటువంటి సందర్భాలలో సంస్థ ముందుగా బాధితునికి చెల్లించి, తరువాత ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకొనవలెనని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చునని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పినది.

రెండు వాహనాలు ఢీకొని మూడవ వ్యక్తి గాయపడితే, అతడు మొత్తం పరిహారాన్ని ఆ రెండింటిలో ఏ ఒక్కరి నుండియైనా కోరవచ్చును. తప్పులో ఎవరి వాటా ఎంత అనేది ఆ ఇద్దరూ తేల్చుకొనవలసిన సంగతి.

లారీ ఎక్కి ప్రయాణించినవారు

మన ప్రాంతంలో పెళ్ళిబృందాలు, తిరునాళ్ళకు వెళ్ళేవారు, మిరప కోతలకు వెళ్ళే కూలీలు లారీలలోను, మినీ లారీలలోను ప్రయాణించడం తెలిసినదే. అదే లారీ బోల్తాపడితే వీరి స్థితి రోడ్డున పోయేవానికంటె దుర్బలం. సరుకు వాహనంలో ఊరకనే ఎక్కినవారికి బీమా సంస్థ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో తీర్పు చెప్పినది. 2019 నాటి సవరణ ఈ మినహాయింపును చట్టంలోనే చేర్చినది. అప్పుడు మిగిలేది లారీ యజమాని ఒక్కడే. అతనికి ఆస్తి లేకపోతే గెలిచిన తీర్పు కాగితంగానే ఉండిపోవును. ముందు చెల్లించి తరువాత రాబట్టుకొమ్మని కొన్ని కేసులలో సుప్రీంకోర్టు బీమా సంస్థలను ఆదేశించినది గాని, దానిని ఖాయమైన హక్కుగా నమ్ముకొనుటకు వీలులేదు.

సరుకు యజమానిగా వెంట వెళ్ళినవారి సంగతి వేరు. తన మిరప బస్తాలతో గుంటూరు యార్డుకు లారీలో బయలుదేరిన రైతు, లేక అతడు పంపిన ప్రతినిధి, బీమా పరిధిలోకి వస్తారు. ఇది 1994 సవరణతో వచ్చిన వెసులుబాటు. అందుచేత సరుకు తనదేనని చూపే తూకం చీటీ, రవాణా రసీదు వంటి చిన్న కాగితాలు కేసునే మార్చివేయగలవు. లారీ యజమాని నియమించుకొన్న క్లీనర్లు, హమాలీలు ఉద్యోగులుగా పరిహారం కోరవచ్చును.

ఆగి ఉన్న లారీ

రాత్రివేళ వెనుక దీపాలు లేకుండా రోడ్డు ప్రక్కన నిలిపిన లారీని ద్విచక్ర వాహనం ఢీకొన్నచో, తప్పు వెనుకనుండి వచ్చినవానిదేనని చాలామంది అనుకొని పిటిషనే వేయరు. ఇది సరికాదు. ఇతరులకు అపాయం కలిగే విధంగా వాహనాన్ని నిలుపరాదని చట్టంలోని 122వ సెక్షను చెబుతున్నది. బాధితునిది కూడా కొంత అజాగ్రత్త ఉన్నదని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గును గాని, మొత్తం పోదు. లారీ ఏ స్థితిలో ఉన్నదో తెలిపే ఛాయాచిత్రాలు, పోలీసులు గీసిన ఘటనాస్థల పటం ఇక్కడ ముఖ్యమైన సాక్ష్యాలు.

పరిహారం లెక్కించు విధానం

గాయం ఎంత పెద్దదనే దానికంటె, అది బ్రతుకుతెరువును ఎంత దెబ్బతీసినదన్నది ముఖ్యం. వైద్యుడు ఇచ్చే వైకల్య శాతం, సంపాదన శక్తిలో కలిగిన నష్టం ఒకటి కావని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరించినది. ఎడమచేయి పోయిన గుమాస్తా తన ఉద్యోగంలో కొనసాగవచ్చును. అదే చేయి పోయిన డ్రైవరుకు గాని, వడ్రంగికి గాని నష్టం దాదాపు నూరు శాతం.

ఉదాహరణకు నెలకు రూ. 12,000 సంపాదించే 30 ఏళ్ళ తాపీమేస్త్రీ 60 శాతం సంపాదన శక్తిని కోల్పోయెననుకొందాము. 40 ఏళ్ళలోపు స్వయం ఉపాధివారికి భవిష్యత్తులో ఆదాయం పెరుగుదల క్రింద 40 శాతం కలుపుతారు (ప్రణయ్ సేఠీ కేసు, 2017). అప్పుడు నెలకు రూ. 16,800, ఏడాదికి రూ. 2,01,600. అందులో 60 శాతం రూ. 1,20,960. సరళా వర్మ కేసు (2009) పట్టిక ప్రకారం 26 నుండి 30 ఏళ్ళవారికి గుణకం 17. ఈ లెక్కన వచ్చే మొత్తం రూ. 20,56,320. వైద్య ఖర్చులు, బాధకు పరిహారం, వడ్డీ దీనికి అదనం.

ఈ లెక్క తెలియక నష్టపోయే అవకాశం ఒకటున్నది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న 164వ సెక్షను క్రింద, ఎవరి తప్పూ నిరూపించకుండానే తీవ్ర గాయానికి రూ. 2.5 లక్షలు, మరణానికి రూ. 5 లక్షలు లభించును. అయితే ఆ మొత్తాన్ని రాజీ పద్ధతిలో అంగీకరించినచో, పూర్తి పరిహారం కోసం వేసిన పిటిషను రద్దగును. పై మేస్త్రీ తొందరపడితే ఇరవై లక్షలకు బదులు రెండున్నర లక్షలతో సరిపెట్టుకొనవలసి వచ్చును. తప్పును నిరూపించుట కష్టమైనవారికి మాత్రం ఇది మేలైన మార్గమే.

గడువు, పత్రాలు

ప్రమాదం జరిగిన చోట గాని, బాధితుడు నివసించే చోట గాని, ప్రతివాది ఉండే చోట గాని పిటిషను వేయవచ్చును. ఒంగోలు వద్ద పంజాబు లారీ ఢీకొన్న శ్రీకాకుళం వాసి తన జిల్లాలోనే వేసికొనవచ్చును. 1994లో తొలగించిన ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ 1 నుండి మరల వచ్చినది. గడువు దాటినదని పిటిషన్లను కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినను, ఆరు నెలలలోపు వేయుటయే క్షేమం.

ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, వాహన తనిఖీ అధికారి నివేదిక, ఆసుపత్రి ఇచ్చిన గాయాల ధ్రువపత్రం, బిల్లులు, వైకల్య ధ్రువపత్రం, ఆదాయానికి ఆధారం ముఖ్యంగా కావలసినవి. 2022 నాటి నియమాల ప్రకారం పోలీసులు 48 గంటలలో తొలి నివేదికను, 90 రోజులలో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపవలెను. చికిత్స విషయానికి వస్తే, 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం క్రింద ఏడు రోజుల వరకు, రూ. 1.5 లక్షల మేర నగదు రహిత చికిత్స లభించును.

ఢీకొట్టిన లారీ ఏదో తెలియకపోతే పరిహారం తక్కువ. మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000. దీనికి దరఖాస్తును ట్రిబ్యునల్‌లో కాక, విచారణాధికారిగా ఉన్న రెవెన్యూ అధికారికి ఇవ్వవలెను.

ఉచిత న్యాయవాది

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉన్నది. ప్రమాదంలో వికలాంగుడైనవాడు కూడా ఆ కారణంగానే అర్హత పొందవచ్చును. దరఖాస్తును జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వవలెను. ఫోను ద్వారా సంప్రదించుటకు 15100 సంఖ్య ఉన్నది.

ఆసుపత్రి మంచం దగ్గరకే వచ్చి, వచ్చిన సొమ్ములో ఇంత శాతం ఇమ్మని వకాలతుపై సంతకాలు తీసికొనే దళారులు ఉన్నారు. కేసు ఫలితంపై వాటాగా ఫీజు మాట్లాడుకొనరాదని న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నియమమే ఉన్నది. ఖాళీ కాగితాలపై సంతకం చేయనవసరం లేదు.

లోక్ అదాలత్‌లో రాజీపడితే సొమ్ము త్వరగా వచ్చును గాని, ఆ అవార్డుపై అప్పీలు లేదు. ట్రిబ్యునల్ తీర్పుపై 90 రోజులలో హైకోర్టుకు వెళ్ళవచ్చును. అయితే వివాదంలో ఉన్న మొత్తం లక్ష రూపాయలకు తక్కువైతే ఆ అవకాశం లేదు.