ఫిస్టులా (భగందరం) ఆపరేషన్: ఏ పద్ధతిలో నొప్పి ఎలా ఉంటుంది?

మలద్వారం పక్కన చిన్న పుండు లేచి, మానినట్టే మాని మళ్లీ చీము కారుతోందా? అది ఫిస్టులా కావచ్చు. లోపలి నుంచి బయటి చర్మం దాకా సన్నని దారి పడుతుంది. సాధారణంగా మందులతో అది మూసుకోదు. నొప్పికి భయపడి ఆపరేషన్ వాయిదా వేస్తే చీముగడ్డలు మళ్లీ మళ్లీ కట్టొచ్చు.

పద్ధతిని బట్టి నొప్పి:

• ఫిస్టులాటమీ: దారిని పొడవునా తెరిచి మాననిస్తారు. పుండు తెరిచే ఉంటుంది కాబట్టి మొదటి రోజుల్లో విరేచనానికి వెళ్లినప్పుడు, కట్టు మార్చేటప్పుడు నొప్పి ఎక్కువ. మానడానికి కొన్ని వారాలు పడుతుంది. తిరిగి వచ్చే అవకాశం మాత్రం తక్కువ.

• సీటన్: దారం వదులుగా కట్టి చీము బయటికి పోనిస్తారు. నొప్పి తక్కువే గానీ, కూర్చుంటే ఇబ్బందిగా, తడిగా ఉంటుంది. బిగించే రకమైతే బిగించినప్పుడల్లా నొప్పి.

• క్షారసూత్రం: ఆయుర్వేద పద్ధతి. మందు పూసిన దారాన్ని సాధారణంగా వారానికోసారి మారుస్తారు. ఆ రోజు మంట ఉంటుంది.

• లిఫ్ట్, లేజర్: కండరం కోయరు, నొప్పి తక్కువ. కానీ ఫిస్టులాటమీ కంటే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

నొప్పి ఒక్కటే చూసుకోవద్దు. దారి కండరంలో లోతుగా ఉంటే, దాన్ని కోస్తే మలం ఆపుకునే శక్తి తగ్గొచ్చు. కాబట్టి "నొప్పి లేని ఆపరేషన్" అనే బోర్డు చూసి అప్పు చేయకండి. ముందు డాక్టరును ఈ మూడూ అడగండి: నా ఫిస్టులా ఎంత లోతు? కండరం కోస్తారా? తిరిగి వస్తే ఏం చేస్తారు?

ఇంటికి వచ్చాక:
రోజుకు రెండు మూడు సార్లు, విరేచనం అయ్యాక కూడా, గోరువెచ్చని నీళ్ల టబ్బులో 10-15 నిమిషాలు కూర్చోండి. నీళ్లు బాగా తాగండి, ఆకుకూరలు, పండ్లు తినండి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పిన వేళకు వేసుకోండి.

జ్వరం, పెరుగుతున్న నొప్పి, ఆగని రక్తం, మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఆరోగ్యశ్రీ కోసం:
తెలంగాణలో అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం ఉచితం. చేరకముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు చూపించి, అది పథకంలో ఉందో లేదో తెలుసుకోండి. సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.