ఇంజను ఇంటి దగ్గరే దింపవచ్చు... రింగులు మాత్రం బోరు కొలిచాకే!

పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు ఒకప్పుడు పల్లెలను మోసిన బండి అంబాసిడర్. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ఈ కారు ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. కనుక వున్న బండిని బాగుచేయించుకోవడమే యజమానులకు మిగిలిన దారి. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను నిర్మాణం తేలిక. అందుకే చాలామంది ఇంటి ముంగిట్లోనే దింపి విప్పుతుంటారు. విప్పడంలో తప్పులేదు. కొలవకుండా బిగించడంలోనే డబ్బు వృథా అవుతోంది.

దింపే ముందు పరీక్ష

పొగగొట్టం నుంచి నీలిపొగ వస్తున్నా, ఆయిలు తరుగుతున్నా, బండి మెరక ఎక్కలేకపోతున్నా 'ఇంజను బోరుకు వచ్చింది' అంటారు. తొందరపడి దింపకూడదు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరు కంప్రెషన్‌ను గేజితో చూడాలి. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూడాలి. గేజి పెరిగితే లోపం రింగుల్లోనో, బోరులోనో వున్నట్లు. పెరగకపోతే వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. ఆ పనికి హెడ్డు విప్పితే చాలు, ఇంజను దింపనక్కరలేదు.

చెట్టు కొమ్మను నమ్మవద్దు

ఈ ఇంజను బరువు క్వింటాలున్నరకు తగ్గదు. చెట్టు కొమ్మకో, ఇంటి దూలానికో తాడు కట్టి లాగితే ప్రాణాల మీదికి వస్తుంది. మూడు గట్టి ఇనుప గొట్టాల ముక్కాలికి చైన్ పుల్లీ తగిలించాలి. ముందుగా బ్యాటరీ తీగ విప్పాలి. నీళ్లు, ఆయిలు దించాలి. బానెట్టు, రేడియేటరు తీసేయాలి. గేరుబాక్సు కింద జాకీ ఆనించాలి. ఇంజను పైకి లేచాక కారును వెనక్కి నెట్టాలే గాని, వేలాడే ఇంజను కింద చేయి కూడా పెట్టరాదు.

విప్పేటప్పుడు బేరింగు క్యాపులకు నంబర్లు వేసుకోవాలి. ఒకదాని క్యాపు మరొకదానికి సరిపోదు. పుష్ రాడ్లను అట్టముక్కకు రంధ్రాలు చేసి వరుసగా గుచ్చుకోవాలి.

కోడిగుడ్డు బోరు

పిస్టను ఒక పక్కకు ఒత్తుతూ తిరుగుతుంది. అందువల్ల గుండ్రంగా వుండాల్సిన బోరు కాలక్రమేణా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వేడి ఎక్కువ, నూనె తక్కువ వుండే పైభాగంలో అరుగుదల మరీ ఎక్కువ. అక్కడ గోటికి మెట్టు తగులుతుంది. అలాంటి బోరులో గుండ్రని కొత్త రింగులు వేస్తే చుట్టూ ఆనవు. కొద్ది నెలలకే పొగ మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి బ్లాకును, క్రాంకును లేతు షాపుకు తీసుకువెళ్లి పైన, మధ్య, కింద రెండు దిక్కులా కొలిపించాలి. బోరింగు 10, 20, 30, 40 సైజుల్లో చేస్తారు. ఇవి అంగుళంలో వెయ్యో వంతులు. 40 సైజంటే సుమారు ఒక మిల్లీమీటరు. అంతకు మించితే స్లీవు వేయించాలి. ముందు పిస్టన్లు కొని, వాటి కొలతకే బోరు చేయించడం మేలు.

సబ్బునీళ్లే మందు

బోరింగు తర్వాత సానపొడి గోడలకు పట్టి వుంటుంది. డీజిలుతో కడిగితే అది పూర్తిగా పోదు. వేడి సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి తోమాలి. తెల్లగుడ్డతో తుడిస్తే మరక అంటకూడదు. ఆరిన వెంటనే ఆయిలు రాయాలి, లేకుంటే తుప్పు పడుతుంది.

రింగుల సందులన్నీ ఒకే వరుసలోకి రాకుండా తిప్పి వేయాలి. ఒక్కో బేరింగు బిగించగానే క్రాంకును చేత్తో తిప్పి చూడాలి. హెడ్డు నట్లను మధ్య నుంచి అంచులకు, మూడు దఫాలుగా, టార్కు రెంచితో బిగించాలి. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫు కొట్టి, ఆయిలు ప్రెషరు వచ్చాకే స్టార్టు చేయాలి. తొలి 500 కిలోమీటర్లు బరువు వేయక, వేగంగా నడపక, ఆపై ఆయిలు మార్చాలి.

బ్లాకు పగిలి వేరేది వేస్తే ఇంజను నంబరు మారుతుంది. రవాణా శాఖ కార్యాలయంలో ఆర్.సి.లో దాన్ని నమోదు చేయించాలి. లేకుంటే తనిఖీలోనూ, బండి అమ్మేటప్పుడూ చిక్కులు తప్పవు.