రాయి మారుటకు ఎంతకాలము పట్టును?

శ్రోతలలో భీమునిపట్నము చూచినవారు పలువురుందురు. గోస్తనీనది సముద్రమున కలియు చోట నిలిచి తీరమువంక చూచినచో ఇసుకపై అక్కడక్కడ నల్లని చారలును, కెంపువన్నె చారలును కనబడును. కెరటము వెనుకకు మరలునపుడు తేలికరేణువులను తీసికొనిపోయి బరువైన వానిని అక్కడనే విడిచిపోవును. నల్లనివి ఎక్కువగా ఇల్మనైటు; ఎఱ్ఱనివి గార్నెట్టు. వానితో కలిసి జిర్కాను, మోనజైటు అను మిక్కిలి చిన్నరేణువులును ఉండును. ఇవి సముద్రములో పుట్టినవి కావు. పావురాళ్ళకొండవంటి తీరపుకొండలనుండియు, వాని వెనుకనున్న తూర్పుకనుమలనుండియు వానలును ఏఱులును కడిగి తెచ్చినవి. ఆ కొండలలోని రాయి ఇప్పటి రూపును ఎప్పుడు దాల్చినది? ఆ మార్పు ఎంత వేగముతో జరిగినది? నేడు విచారింపదలచిన ప్రశ్నలు ఈ రెండే.

ఈ ప్రాంతపు కొండలలో ప్రధానమైన శిల ఖోండలైటు. 1902లో టి. ఎల్. వాకరు అను భూగర్భశాస్త్రజ్ఞుడు కలహండి ప్రాంతపు శిలలను వర్ణించుచు, ఖోండు జాతివారి పేర దీనికి ఆ నామము నుంచెను. సింహాచలపు కొండయు, కైలాసగిరియు ఈ శిలవే. మొదట ఇది నీటియడుగున పేరిన బంకమన్ను. భూమిపొరలు ముడుచుకొన్నపుడు ఆ మన్ను పాతిక ముప్పది కిలోమీటర్ల లోతునకు దిగెను. అచటి బరువునకును వేడికిని లోనై, చాలవఱకు గట్టిస్థితిలో నుండియే, గార్నెట్టును సిల్లిమనైటును గల శిలగా మారెను. దీనినే రూపాంతరమందురు. అనకాపల్లి, అరకు, పాడేరు ప్రాంతములందు సఫిరీను అను అరుదైన ఖనిజము గల శిలలున్నవి. ఆ వేడి 900 డిగ్రీల సెంటిగ్రేడును మించినదని వానివలన తెలియుచున్నది.

ఇక కాలము తెలియుటెట్లు? జిర్కాను స్ఫటికము పెరుగునపుడు యురేనియమును కొంత లోనికి తీసికొనును; సీసమును దాదాపు రానీయదు. లోపలి యురేనియము క్రమముగా సీసమగును. ఒకజాతి యురేనియము సగము మారుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు, మరియొకజాతికి సుమారు 70 కోట్ల సంవత్సరములు పట్టును. కనుక ఒకే రేణువులో రెండు గడియారములున్నవి. ఒకటి తప్పినచో రెండవది పట్టియిచ్చును. యురేనియమెంత మిగిలినది, సీసమెంత చేరినది అని కొలిచినచో రేణువు వయస్సు తేలును.

కాని వయస్సు ఒక్కటి తెలిసినంతమాత్రమున వేగము తెలియదు. ప్రయాణమున రెండు మజిలీల వేళలు తెలిసినపుడే బండివేగము చెప్పగలము. ఇచటను అంతే. కరగిన మైనమును, నేతిని, కొబ్బరినూనెను ఒకచోట నుంచినచో మైనము ముందుగా గట్టిపడును. పిదప నేయి పేరును. కొబ్బరినూనె చలికాలమున గాని గడ్డకట్టదు. ఖనిజములును ఇట్లే వేఱువేఱు వేడిమికడ తమ గడియారమును బిగించుకొనును. జిర్కాను 900 డిగ్రీల వేడిలోను సీసమును చాలవఱకు పట్టియుంచును. నల్ల అభ్రకములో పొటాసియమునుండి పుట్టిన ఆర్గాను వాయువు మాత్రము సుమారు 300 డిగ్రీలకు దిగినపిమ్మట గాని నిలువదు. జిర్కాను అంచు 800 డిగ్రీలకడ ఏర్పడినదనియు, ఆ రెండు గడియారముల నడుమ భేదము 10 కోట్ల సంవత్సరములనియు లెక్కకొఱకు అనుకొందము. అప్పుడు 500 డిగ్రీలు చల్లారుటకు 10 కోట్ల సంవత్సరములు. అనగా ఒక్క డిగ్రీకి రెండు లక్షల సంవత్సరములు!

వేగమును కనుగొనుటకు గార్నెట్టు మరియొక సాధనము. పానకమునకై నీటిలో వేసిన బెల్లపుముక్క చుట్టును తీపి ఎంతదూరము వ్యాపించినదో చూచి, అది ఎంతసేపటిక్రిందట పడినదో ఊహింపవచ్చును. నీరు వేడిదైనచో వ్యాప్తి త్వరితము, చల్లనిదైనచో మందము. గార్నెట్టు అంచున ఇనుమును మెగ్నీషియమును ఇట్లే ప్రక్క ఖనిజముతో ఇచ్చిపుచ్చుకొనును. ఆ మార్పు లోనికి దూరముగా పోయినచో రాయి మెల్లగా చల్లారినదనియు, అంచుననే నిలిచినచో త్వరగా చల్లారినదనియు గ్రహింపవచ్చును.

ఈ పద్ధతులవలన మన తూర్పుకనుమలలో ఉత్తరభాగపు మహారూపాంతరము సుమారు 100 కోట్ల సంవత్సరముల నాటిదని తేలినది. అంటార్కిటికా తూర్పుభాగపు శిలలు కొన్ని ఇట్టి వయస్సునే చూపుచున్నవి. నాడు ఆ భూమియు మన భూమియు ఒకదానికొకటి అంటియుండెనని పండితులు భావించుచున్నారు. ఆ తీవ్రమైన వేడి కనీసము 5 కోట్ల సంవత్సరములు నిలిచినదనియు, 20 కోట్ల సంవత్సరములవఱకును నిలిచియుండవచ్చుననియు 2013లో వెలువడిన ఒక పరిశోధన తెలిపెను. ఈ భేదము చిన్నది కాదు. వేడి కొద్దికాలమే ఉన్నచో, క్రిందినుండి పొంగివచ్చిన శిలాద్రవము దానికి కారణమనవచ్చును. దీర్ఘకాలము నిలిచినచో, మందమైన భూపటలములోని యురేనియము, థోరియముల స్వంతవేడి నెమ్మదిగా పోగుపడెనని తలపవలసియుండును. కాలము తెలిసిననే కారణము తెలియును.

ఇంతకును ముఖ్యవిషయము మిగిలియున్నది. తీరపుటిసుకలోని జిర్కాను తన వయస్సు చెప్పగలదు. కాని ఏ సంఘటననాటి వయస్సో చెప్పజాలదు. దానిలో నడిమిభాగము బంకమన్నుకంటెను పాతది కావచ్చును. అంచు తరువాత పెరిగినది కావచ్చును. మోనజైటు గార్నెట్టు గర్భమున చిక్కియున్నచో అది గార్నెట్టు పెరుగుటకు ముందు పుట్టినదని చెప్పవచ్చును. గార్నెట్టు క్షయించినచోట పుట్టినచో తరువాతిదని చెప్పవచ్చును. ఈ ఇరుగుపొరుగుల సాక్ష్యము కొండరాతిలోనే ఉన్నది, ఇసుకలో చెదరిపోయినది. విడియాకులు చెదరిన తాళపత్రగ్రంథమువలె, అక్షరములున్నను కథ కుదరదు.

అందుచేతనే కొండలయెడ శ్రద్ధ కావలెను. 1941లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తున భూగర్భశాస్త్రశాఖ ఏర్పడినది, ఆచార్య సి. మహదేవన్‌గారు దానిని పెంపొందించిరి. ఎందరో విద్యార్థులకు ఈ కొండలే పాఠశాల. విశాఖపట్టణమునకును భీమునిపట్నమునకును నడుమనున్న ఎఱ్ఱమట్టిదిబ్బలకు 2014లో భూవారసత్వస్థలముగా గుర్తింపు లభించినది. ఆ దిబ్బల ఎఱ్ఱమన్నునకు సామగ్రి నిచ్చిన కొండరాతికిని అట్టి ఆదరము తగును. బాటలకును ఇండ్లకును రాయి కావలసినదే, కాదనువారు లేరు. అయినను ఒక గుట్టను పగులగొట్టుటకు ముందు అచటి శిలల పటము గీసి, ఏ తావుననుండి తీసినదో గుర్తుపెట్టి నాలుగు ముక్కలను భద్రపఱచుటకు పట్టునది కొన్నిదినములు మాత్రమే. ఒక్క డిగ్రీ చల్లారుటకు లక్షల సంవత్సరములు తీసికొన్న రాయికి మనము ఆ కొన్నిదినముల వ్యవధి ఈయలేమా?