పంచెట్‌లో మీట నొక్కిన చేయి

విద్యుత్కేంద్రాల శిలాఫలకాలపై ప్రముఖుల పేర్లే కానవస్తాయి. మట్టి మోసినవారి పేర్లు చెక్కే ఆనవాయితీ మనకు లేదు. అయినా, ఒక సంతాల్ కూలిపిల్ల చేత సాక్షాత్తూ ప్రధానమంత్రి జలవిద్యుత్కేంద్రాన్ని ప్రారంభింపజేసిన ఘట్టం ఒకటి మన దేశ చరిత్రలో ఉంది. ఆమె బుధ్ని మేఝెన్. ఆ జీవితగాథను మన పాఠకుల ముందు, విశేషించి మన సిబ్బంది పిల్లల ముందు ఉంచాలని మా అభిలాష.

కథకు మూలం దామోదర్ నది. 1943 వరదలో గట్లు తెగి, రైలుమార్గమూ గ్రాండ్ ట్రంక్ రోడ్డూ దెబ్బతిని, యుద్ధం నడుస్తున్న రోజుల్లో కలకత్తాకు రాకపోకలు స్తంభించాయి. శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా సభ్యులుగా ఉన్న సంఘం విచారణ జరిపింది. అమెరికాలోని టెన్నెసీ వ్యాలీ పథకం నమూనాగా 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ అవతరించింది. తిలయ్యా, కోనార్, మైథాన్ తరువాత నాల్గవ ఆనకట్ట పంచెట్. ఆ జలాశయాల కింద సంతాలుల పొలాలెన్నో మునిగిపోయాయి.

1959 డిసెంబరు 6న నెహ్రూ పంచెట్ వచ్చారు. స్వాగతం పలకడానికి నిలిపిన పదిహేనేళ్ళ బుధ్నినే మీట నొక్కమన్నారు. వృత్తిరీత్యా ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మీట నొక్కినంతలో టర్బైను తిరగదు. గేట్లు, గవర్నరు, బేరింగుల నూనె అన్నీ అంతకుముందే సరిచూసుకుని ఉండాలి. ప్రారంభోత్సవంలో మీట మర్యాద కోసమే. ఆనాటి మర్యాదకు మూల్యం చెల్లించింది మాత్రం ఆ పిల్ల.

వేడుకలో పూలదండ ప్రసక్తి వచ్చింది. దండతో వివాహం జరిగిపోయిందనీ, అదీ పరజాతివానితో జరిగిందనీ ఊరి పెద్దలు తీర్మానించారు. ఊరు ఆమెను వెలివేసింది. ఊరివారిని నిందించి ఊరుకోవడం సులభమే. నేల పోగొట్టుకున్నవారికి మిగిలింది ఆచారమొక్కటే కదా అని మాకు తోస్తుంది. అయితే 1962లో ఆమె కూలి ఉద్యోగం కూడా పోయింది. దానికి ఆచారం అడ్డురాదు. పత్రికల్లో ఫోటో అచ్చయిన మనిషిని మూడేళ్ళకే పనిలోనుంచి తొలగించడాన్ని మేము ఏ విధంగానూ సమర్థించలేము.

తరువాతి సంవత్సరాలు దొరికిన పనితో గడిచాయి. పంచెట్‌లోనే సుధీర్ దత్తా అనే ఆయన ఆశ్రయమిచ్చారు. వారికొక కుమార్తె కలిగింది. చైనా యుద్ధం, బంగ్లాదేశ్ విముక్తి, అత్యవసర పరిస్థితి వచ్చి వెళ్ళాయి. పంచెట్ యంత్రం విద్యుత్తు ఇస్తూనే ఉంది.

1985లో ఆమె నెహ్రూ మనుమడు, నాటి ప్రధాని రాజీవ్ గాంధీని కలుసుకుని తన గోడు వినిపించింది. కార్పొరేషన్ ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకుంది. ఇరవై మూడేళ్ళ విరామానికి సర్వీసు లెక్కల్లో ఏ పేరు పెడతారో, పాలనా విభాగంలోని మిత్రులే చెప్పాలి.

2005లో ఆమె పదవీ విరమణ చేసింది. 2019లో మలయాళ రచయిత్రి సారా జోసెఫ్ ఆమె జీవితం ఆధారంగా ‘బుధిని’ నవల వెలువరించారు. 2023 నవంబరులో, ఎనభైకి చేరువైన వయసులో బుధ్ని కన్నుమూసింది.