దోషము వేరు, దాపరికము వేరు

1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి నూరు నయాపైసలయ్యెను. అణాకు ఆరుంబావు పైసలు రావలెను. పావు పైసకు నాణెము లేదు. అణాకు ఆరు, మూడణాలకు పందొమ్మిదియని సర్కారు పట్టిక నిర్ణయించెను. ఒకచోట ఇచ్చువాడు, వేరొకచోట పుచ్చుకొనువాడు నష్టపడినను, పట్టిక అందరకు నొక్కటే యగుటచే ఉస్మాన్‌గంజ్ వంటి బజారులు నిలిచినవి.

నేటి కంప్యూటరుకును ఇదే చిక్కు. ఒకటి, సున్న మాత్రమే యెరిగిన యంత్రము పదియవ వంతును సాంతముగ వ్రాయజాలదు. వివేకియగు ప్రోగ్రామరు ఆ లోపము నంగీకరించి, రూపాయల లెక్కను పైసలలో పూర్ణసంఖ్యలుగ వ్రాయించును.

దోషరహితమగు త్రాసు కొరకు వేచిన కొట్టు తెరువబడదు. హద్దు తెలిసిన దోషమును సహింపవచ్చును. దాచిన దోషము రైతు నోటికూటిని హరించును. సంసారమునందును ఇదియే ధర్మము: లోపమును ఒప్పుకొనువానితో కాపురము సాగును, కప్పిపుచ్చువానితో సాగదు.